కెమెరా ఊళ్లో కొనాలా, కోఠీలోనా, ఆన్‌లైన్‌లోనా? నల్గొండ, పాలమూరు ఫొటోగ్రాఫర్లకు సమగ్ర మార్గదర్శి

నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఉండి కెమెరా కొనాలనుకునేవాళ్లకు దారులు మూడు. ఊళ్లో ఉన్న స్టూడియో సామాన్ల దుకాణం, వంద కిలోమీటర్ల దూరంలో హైదరాబాద్‌లో ఉన్న కోఠీ, చేతిలో ఉన్న ఫోన్. ఎవరిని చూసినా మొదట అడిగేది "ఎక్కడ తక్కువకు వస్తది అన్నా" అనే. అది అడగాల్సిందే, లక్షన్నర పెట్టే చోట ఐదు వేల తేడా చిన్నది కాదు. కానీ పొద్దున ముహూర్తం పెట్టుకుని ముందురోజు రాత్రి ఎర్రర్ వచ్చి బాడీ (లెన్స్ కాకుండా కెమెరా) ఆగిపోతే మన ఫోన్ ఎత్తేది ఎవరు, రిపేరుకు పైసలు అడగకుండా చేసేది ఎవరు అన్నది కూడా ధరలో భాగమే. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఇది: లిస్టు మొత్తం ఒకే చోట కొనకండి. ఒక్కో వస్తువుకు ఏ రిస్క్ ఉందో చూసి, ఆ రిస్క్ ఎక్కడ తక్కువో అక్కడ కొనండి. ఆ పని ఎలా చేయాలో వరుసగా చెప్తాను.

1. మోడల్ కంటే ముందు పని రాసుకోండి

ఒక కాగితం మీద మీరు నిజంగా చేసే పని రాయండి. ఫంక్షన్ హాల్ పెళ్లిళ్లు, రాత్రి బరాత్, బోనాలు ఎక్కువైతే తక్కువ వెలుతురులో పనిచేసే బాడీ, ఎక్కువ వెలుతురు లోపలికి తీసుకునే ఎఫ్ 2.8 లేదా ఎఫ్ 1.8 లెన్స్ కావాలి. చెర్వుగట్టు, కురుమూర్తి జాతరల్లో తిరుగుతూ తీసేవాళ్లకు బరువు తక్కువ ఉండాలి. అమ్రాబాద్ అడవిలో పక్షుల కోసం వెళ్లేవాళ్లకు బాడీ కంటే పొడవు లెన్స్‌కే ఎక్కువ ఖర్చవుతుంది. యూట్యూబ్ కోసమే అయితే సగం బడ్జెట్ మైకుకు, లైటుకు పోవాలి, చాలామంది అక్కడే పిసినారితనం చేస్తారు.

పెళ్లిళ్లు చేసేవాళ్లకు రెండు కార్డు స్లాట్లు ఉన్న బాడీ తప్పనిసరి అని నా అభిప్రాయం. ఒక కార్డు పాడైనా రెండోదాంట్లో ఫొటోలు ఉంటాయి, తలంబ్రాలు మళ్లీ పోయించలేం. కానన్ ఆర్8లో ఒకటే స్లాట్, ఆర్6 మార్క్ 2లో రెండు. నికాన్ జడ్6 మొదటి మోడల్‌లో ఒకటే, జడ్6 2లో రెండు. షాపులో డిస్కౌంట్ చూపించి ఒక స్లాట్ బాడీ అంటగడుతుంటే ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి.

ఇంట్లో పాత లెన్స్‌లు ఉంటే వాటి మౌంట్ (లెన్స్ బాడీకి బిగిసే రకం) కూడా రాసుకోండి. కానన్ పాత ఈఎఫ్ లెన్స్‌లు అడాప్టర్‌తో కొత్త ఆర్ఎఫ్ మౌంట్ బాడీల మీద చక్కగా పనిచేస్తాయి. నికాన్‌లో మాత్రం జాగ్రత్త, మోటార్ లేని పాత ఏఎఫ్-డి లెన్స్‌లను ఎఫ్‌టీజడ్ అడాప్టర్‌తో జడ్ బాడీకి పెడితే ఆటోఫోకస్ రాదు, చేత్తో తిప్పుకోవాల్సిందే. ఇది తెలియక బాడీ కొని, తర్వాత లెన్స్‌ల కోసం మళ్లీ అప్పు చేసేవాళ్లు ఉంటారు.

2. మూడు చోట్లా ఏం మంచిగుంటుందో తెలుసుకోండి

మన ఊళ్లో, గడియారం సెంటర్ చుట్టుపక్కలనో న్యూటౌన్‌లోనో కనిపించే దుకాణాల్లో ఆల్బమ్‌లు, ఫ్రేములు, బ్యాటరీలు, కార్డులు, స్టాండ్లు, ఫ్లాష్‌లు దొరుకుతాయి. కొత్త ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సార్ ఉన్న) బాడీ అద్దాల బీరువాలో పెట్టుకుని కూర్చునే షాపు మన వైపు అరుదు. అడ్వాన్స్ ఇస్తే హైదరాబాద్ నుంచి తెప్పిస్తామంటారు. తెప్పించుకోవచ్చు, తప్పేం లేదు, కానీ అడ్వాన్స్ ఇచ్చే ముందే మూడు మాటలు అడగండి: బిల్లు ఎవరి పేరు మీద వస్తుంది, డబ్బా సీలు నా ముందే తీస్తారా, ఫాల్టీ పీస్ అయితే మార్చేది మీరా హైదరాబాద్ డీలరా. ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పే షాపాయన దగ్గర వెయ్యి రెండు వేలు ఎక్కువైనా కొనొచ్చు. అర్ధరాత్రి ఫ్లాష్‌ను దూరం నుంచి వెలిగించే ట్రిగ్గర్ పనిచేయకపోతే తలుపు కొట్టగలిగేది ఆయన తలుపే, బాడీ రిపేరుకు పోతే వారం రోజులకు ఇంకో బాడీ ఎవరి దగ్గరైనా ఇప్పించేదీ ఆయనే. ఆ పరిచయానికి విలువ కట్టలేకపోతే మన ఊళ్లో ఈ పని చేయడం కష్టం.

కోఠీ అంటే గుజరాతీ గల్లీ, ఆ చుట్టుపక్కల. నల్గొండ బస్సులో ఎంజీబీఎస్‌లో దిగితే దగ్గరే, మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషన్ ఉస్మానియా మెడికల్ కాలేజీ, అక్కడ దిగి నడవొచ్చు. పాలమూరు నుంచి రైల్లో వచ్చేవాళ్లకు కాచిగూడ నుంచి ఆటో చాలు. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి పని రోజు పెట్టుకోండి, అదీ ఉదయం గిరాకీ పెరగకముందే వెళ్తే షాపువాళ్లు నిలబడి చూపిస్తారు. కోఠీ బలం ఏంటంటే నాలుగు బాడీలు చేతిలో పట్టుకుని చూడొచ్చు, పక్క షాపులో రేటు అడిగి రావచ్చు, అక్కడికక్కడే టెస్ట్ చేసుకోవచ్చు. బలహీనత ఏంటంటే ఒకే గల్లీలో కంపెనీ డీలరూ ఉంటాడు, ఎక్కడి నుంచో వచ్చిన సరుకు అమ్మేవాడూ ఉంటాడు, బోర్డులు మాత్రం ఒకేలా కనిపిస్తాయి.

ఆన్‌లైన్ బలం ధర, బ్యాంకు ఆఫర్లు, ఇంటి ముందుకు రావడం. కానీ వస్తువును పట్టుకుని చూడకుండానే డబ్బు పోతుంది, సమస్య వస్తే మాట్లాడేది ప్రతిసారీ కొత్త మనిషి.

3. అసలు ధర లెక్క వేయండి

డబ్బా మీద ఎమ్మార్పీ ఒకటి ఉంటుంది, మార్కెట్లో అమ్మే ధర ఇంకొకటి, దాన్నే డీలర్లు ఎమ్ఓపీ అంటారు. ఎమ్మార్పీలో పదిహేను వేలు తగ్గించామని చెప్తే మురిసిపోకండి, అందరూ ఆ ధరకే అమ్ముతుండొచ్చు. అందుకే ఒకే మోడల్, ఒకే కిట్ లెన్స్ (బాడీతో కలిపి అమ్మేది), ఒకే వారంటీ అనుకుని మూడు చోట్లా అదే రోజు ధర అడగండి. కిట్ తేడా ఉంటే పోలికే లేదు, 18-45 కిట్‌కూ 18-150 కిట్‌కూ ధర చాలా తేడా.

ఇప్పుడు జీఎస్టీ. కెమెరాల మీద 2019 జనవరి 1 నుంచి 18 శాతం, అంతకుముందు 28 ఉండేది. అంటే 1,18,000 రూపాయల బిల్లులో 18,000 పన్నే. మీ స్టూడియోకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, కాంపోజిషన్ స్కీమ్‌లో (చిన్న వ్యాపారులు తక్కువ రేటుకు పన్ను కట్టే పద్ధతి) లేకపోతే, బిల్లు మీద మీ జీఎస్టీ నంబర్ వేయించుకోండి, ఆ పన్నును మీరు కట్టాల్సిన పన్నులో సర్దుకోవచ్చు. ఆన్‌లైన్‌లో కూడా ఆర్డర్ పెట్టేటప్పుడే ఆ నంబర్ ఇవ్వడానికి చోటు ఉంటుంది, కానీ ప్రతి సెల్లరూ జీఎస్టీ బిల్లు ఇవ్వడు, ఆర్డర్ అయ్యాక మార్చడమూ కుదరదు, ముందే చూసుకోండి. ఏడాదికి ఇరవై లక్షల లోపు పని చేసే చిన్న ఫొటోగ్రాఫర్లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కాబట్టి వాళ్లకు ఆ పన్ను ఖర్చే.

"బిల్లు వద్దంటే ఇంకో ఐదు వేలు తగ్గిస్తా" అనే మాట కోఠీలో వినబడొచ్చు. ఒప్పుకోకండి. బిల్లు లేకపోతే వారంటీ అడగలేరు, వినియోగదారుల కమిషన్‌లో కేసు నిలబెట్టడం కష్టం, దొంగతనం జరిగితే ఆ కెమెరా మీదే అని స్టేషన్లో చూపించలేరు, ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు ఇవ్వదు. ఐదు వేల కోసం ఇవన్నీ వదులుకోవడం నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. తెల్లకాగితం మీద రాసిచ్చే ఎస్టిమేట్ చీటీ కూడా బిల్లు కాదు. షాపు జీఎస్టీ నంబర్, బిల్లు నంబర్, తేదీ, మోడల్, సీరియల్ నంబర్, ఈ ఐదూ ఉంటేనే బిల్లు.

నగదు విషయం. ఒక కొనుగోలుకు రెండు లక్షలు, ఆ పైన నగదు తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం. కొందరు దాన్ని రెండు బిల్లులుగా చీల్చి ఇస్తామంటారు, ఆ గొడవలోకి పోకండి, బ్యాంకు ద్వారా పంపండి. యూపీఐలో మామూలుగా రోజుకు లక్ష దాకే పోతుంది కాబట్టి కోఠీకి బయల్దేరే ముందే నెఫ్ట్‌కో కార్డుకో ఏర్పాటు చేసుకోండి. కార్డు గీకితే రెండు శాతం ఎక్కువ అని చివర్లో అంటారు, ఆ మాట బేరం మొదట్లోనే తేల్చుకోవాలి.

నో కాస్ట్ ఈఎంఐ అంటే వడ్డీ లేదని కాదు. వడ్డీ ఎంతో అంత ముందే ధరలో తగ్గించి చూపిస్తారు, బ్యాంకు మాత్రం వడ్డీ వేస్తుంది, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరు కట్టాలి, పైగా ప్రాసెసింగ్ ఫీజు. వడ్డీ 6,000 అయితే దాని మీద 1,080 మీ జేబులోంచే. ఇంకో మాట, ఈఎంఐ తీసుకుంటే కొన్నిసార్లు ఒకేసారి కట్టేవాళ్లకు వచ్చే డిస్కౌంట్ పోతుంది. అది కూడా లెక్కలో వేయాలి.

బేరం ఎక్కడ చేయాలి? బాడీ మీద డీలర్‌కు మిగిలేది తక్కువ, అక్కడ గంటసేపు వాదించినా ఐదు వందలు తగ్గడం గగనం. బ్యాగులు, ఫిల్టర్లు, కార్డులు, స్టాండ్ల మీద మార్జిన్ ఎక్కువ. కాబట్టి "అన్నా, బాడీ రేటు సరే, ఈ రేటుకే అసలు బ్యాటరీ ఒకటి, మంచి కార్డు ఒకటి ఇప్పించు" అని అడగండి. ఉచితమని ఇచ్చే పేరులేని బ్యాగు, చవక యూవీ ఫిల్టర్, పలుచటి ట్రైపాడ్ మాత్రం తీసుకోకండి, లక్ష రూపాయల లెన్స్ ముందు వంద రూపాయల గాజు పెడితే లైట్లు ఎదురుగా ఉన్నప్పుడు ఫొటో అంతా మసకే.

ఎప్పుడు కొనాలన్నది కూడా ధర విషయమే. ఆన్‌లైన్ పెద్ద సేల్స్ దసరా ముందు వస్తాయి, ఆ తర్వాత కార్తీకం, మార్గశిరం పెళ్లిళ్లు. మూఢాలు, ఆషాఢం లాంటి ఖాళీ రోజుల్లో కోఠీలో గిరాకీ తక్కువ, బేరానికి ఓపికగా కూర్చుంటారు. ఎప్పుడు కొన్నా సరే, మొదటి పెళ్లికి కనీసం రెండు మూడు వారాల ముందు కెమెరా చేతిలో ఉండాలి. లోపం ఉంటే బయటపడడానికి, మార్చుకోవడానికి ఆ సమయం కావాలి. కొత్త బాడీ డబ్బా విప్పి నేరుగా పెళ్లికి తీసుకుపోవడం అంత టెన్షన్ ఇంకోటి లేదు.

4. కంపెనీ సరుకా, గ్రే సరుకా తేల్చుకోండి

ఇదే అన్నింటికంటే ముఖ్యమైన మెట్టు. గ్రే సరుకు నకిలీ కాదు, అసలు కెమెరానే, కానీ వేరే దేశంలో అమ్మడానికి చేసింది, ఇక్కడి కంపెనీ దానికి బాధ్యత తీసుకోదు. "షాప్ వారంటీ ఇస్తాం" అంటే అర్థం అదే. షాపువాడు ఉన్నన్ని రోజులే ఆ వారంటీ, సర్వీసు చేసేది కంపెనీ సెంటర్ కాదు, పక్క గల్లీలో మెకానిక్.

డబ్బా మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ, తయారైన నెల సంవత్సరం, కస్టమర్ కేర్ నంబర్ ముద్రించిన స్టిక్కర్ ఉండాలి, ఇది చట్టం. కానన్, నికాన్, సోనీ అయితే ఆ కంపెనీ ఇండియా శాఖ పేరు ఉంటుంది. సిగ్మా, టామ్రాన్ లెన్స్‌లకైతే ఇక్కడి డిస్ట్రిబ్యూటర్ పేరు ఉంటుంది. తర్వాత సీరియల్ నంబర్: డబ్బా మీద, బాడీ అడుగున, వారంటీ కార్డు మీద, బిల్లు మీద నాలుగు చోట్లా ఒకటే ఉండాలి. వారంటీ కార్డు ఉంటే డీలర్ ముద్ర, తేదీ అక్కడే వేయించుకోండి. కంపెనీ వెబ్‌సైట్‌లో అధీకృత డీలర్ల జాబితా ఉంటుంది, కోఠీకి బయల్దేరే ముందే ఆ జాబితాలో షాపు పేరు చూసుకోండి. పేరు కలిస్తే సరిపోదు, చిరునామా కూడా కలవాలి.

దుబాయ్ నుంచి బావమరిది తెస్తాడు కదా అనేవాళ్లకు: తేవచ్చు, కానీ పరిమితి దాటితే విమానాశ్రయంలో కస్టమ్స్ సుంకం పడుతుంది, బాడీకి ఇక్కడ వారంటీ ఉంటుందో లేదో కంపెనీని ముందే అడగాలి. జపాన్ మార్కెట్ కోసం చేసిన చాలా సోనీ బాడీల్లో మెనూ జపనీస్‌లోనే ఉంటుంది, మార్చడానికి వీలుండదు. ధర మరీ తక్కువ కనిపిస్తే ఈ కారణం కూడా ఉండొచ్చు.

5. షాపులో టెస్ట్ చేయడం

మీ కార్డు, మీకు వీలైతే ఒక ల్యాప్‌టాప్, చిన్న టార్చ్ తీసుకుని వెళ్లండి. డబ్బా సీలు మీ ముందే తీయించండి. డిస్‌ప్లేలో పెట్టిన పీస్ ఇస్తామంటే వద్దనండి, లేదా డిస్‌ప్లే పీస్ అని బిల్లు మీద రాయించి ధర తగ్గించమనండి.

మొదటి ఫొటో తీసి ఫైల్ నంబర్ చూడండి. కొత్త కెమెరా, ఫార్మాట్ చేసిన కార్డు అయితే 0001 నుంచి మొదలవ్వాలి. నంబర్‌ను వెనక్కి తిప్పొచ్చు కాబట్టి ఇదొక్కటే రుజువు కాదు, హాట్‌షూ (ఫ్లాష్ బిగించే చోటు) మీద గీతలు, మౌంట్ రింగు అరుగుదల, స్క్రీన్ మీద ప్లాస్టిక్ పొర కూడా చూడండి. లెన్స్ మూత పెట్టి, ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సార్ స్పందన) 100లో కొన్ని సెకన్ల ఎక్స్‌పోజర్ ఇచ్చి ఫొటోను పెద్దది చేసి చూస్తే పాడైన (హాట్) పిక్సెళ్లు ఎర్రగానో తెల్లగానో చుక్కల్లా కనిపిస్తాయి. ఒకటి రెండు ఉంటే భయపడక్కర్లేదు, గుంపులు గుంపులుగా ఉంటే ఆ పీస్ వద్దు.

అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) చిన్నగా చేసి, అంటే ఎఫ్ 16 దగ్గర పెట్టి, తెల్ల గోడనో ఆకాశాన్నో తీస్తే సెన్సార్ మీద దుమ్ము తెలుస్తుంది. షాపు ముందుకు వచ్చి రోడ్డు మీద నడిచే మనుషుల మీద వరసగా ఫొటోలు కొట్టి కంటి ఫోకస్ పట్టుకుంటుందో లేదో చూడండి. 4కె వీడియో పది నిమిషాలైనా ఆపకుండా నడపండి, వేడెక్కి ఆగిపోతుందా అన్నది మన ఎండల్లో మే నెలలో పనిచేసేవాళ్లకు చాలా ముఖ్యం. ప్రతి బటన్, ప్రతి డయల్, రెండు కార్డు స్లాట్లు, ఫ్లాష్ పెట్టి హాట్‌షూ, మైక్ జాక్. షాపాయన తొందరపెడతాడు, పెట్టనివ్వండి. లక్షన్నర ఇచ్చేవాళ్లకు అరగంట అడిగే హక్కుంది.

లెన్స్ అయితే వాళ్లు ఎంత కొత్తదన్నా టార్చ్ వెలుగులో వెనక నుంచి చూడండి. సాలీడు గూడు దారాల్లా సన్నగా కనిపిస్తే ఫంగస్. తర్వాత ఇటుక గోడలాంటి చదును గోడకు ఎదురుగా నిలబడి అపర్చర్ పూర్తిగా తెరిచి తీయండి, నాలుగు మూలలూ ల్యాప్‌టాప్‌లో పోల్చండి. ఒక మూల మాత్రమే మసకగా ఉంటే లోపల గాజులు సరిగా కూర్చోలేదు, ఆ పీస్ మార్చమనండి. ఒకే మోడల్ లెన్స్‌లో కూడా పీస్ పీస్‌కీ తేడా ఉంటుంది, నేరుగా షాపుకు పోయి కొనడంలో ఉన్న అసలు లాభం ఇదే.

6. ఆన్‌లైన్‌లో కొంటే

ఆర్డర్ బటన్ నొక్కే ముందు "అమ్మేవారు" అని ఎవరి పేరు ఉందో చూడండి. వెబ్‌సైట్ పెద్దదే కావచ్చు, అమ్మేది మాత్రం అందులోని ఏదో చిన్న సెల్లర్. ఆ సెల్లర్ పేరు నొక్కి ఎన్నాళ్లుగా ఉన్నాడు, ఒకటి రెండు స్టార్ల రివ్యూల్లో జనం ఏమంటున్నారు చదవండి. ఐదు స్టార్లవి చదివి లాభం లేదు. కంపెనీలు సొంతంగా నడిపే ఆన్‌లైన్ స్టోర్లు, పేరున్న హైదరాబాద్ డీలర్ల సొంత సైట్లు కూడా ఉన్నాయి, ధర కొంచెం ఎక్కువైనా అక్కడ గ్రే సరుకు భయం తక్కువ.

తర్వాత రిటర్న్ షరతు చదవండి. రిటర్న్ అంటే డబ్బు వాపసు, రీప్లేస్‌మెంట్ అంటే ఇంకో పీస్. సర్వీస్ సెంటర్ రీప్లేస్‌మెంట్ అని ఉంటే ముందు మీరు సర్వీస్ సెంటర్‌కు తీసుకుపోయి లోపం ఉందని వాళ్లతో రాయించుకోవాలి, అప్పుడే మారుస్తారు. కెమెరా బ్రాండ్ల సర్వీసు కోసం మన వైపు వాళ్లు హైదరాబాద్ పోవాల్సిందే, పైగా గడువు చాలాసార్లు ఏడు రోజులే. దేవరకొండలోనో అచ్చంపేటలోనో ఉన్నవాళ్లకు పార్సిల్ వచ్చిన రోజే టెస్ట్ మొదలుపెట్టకపోతే ఆ గడువు చూస్తుండగానే అయిపోతుంది. ఊళ్లో లేని రోజుల్లో డెలివరీ పెట్టుకోకండి.

ఓపెన్ బాక్స్ డెలివరీ మీ పిన్‌కోడ్‌కు ఉందో లేదో చూసుకోండి. నల్గొండ, మహబూబ్‌నగర్ టౌన్‌కు ఉన్నది పక్క మండలానికి ఉండకపోవచ్చు. ఉంటే డెలివరీ బాబును వాకిట్లో నిలబెట్టి, డబ్బా విప్పించి, సీరియల్ నంబర్ చూసి, ఆ తర్వాతే ఓటీపీ చెప్పండి. "అన్నా, ఇంకా ఇరవై పార్సిళ్లున్నయ్, ఓటీపీ చెప్పుండ్రి" అంటే చెప్పకండి. ఆయన ఇబ్బంది నిజమే, మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టండి, ఓటీపీ మాత్రం డబ్బా చూశాకే.

ఓపెన్ బాక్స్ లేకపోతే వీడియో. పార్సిల్ ఆరు వైపులా, చిరునామా లేబుల్, టేపు చూపిస్తూ మొదలుపెట్టి, మధ్యలో ఎక్కడా ఆపకుండా, కోతలు లేకుండా, లోపలి డబ్బా సీలు, సీరియల్ నంబర్, కెమెరా ఆన్ అవ్వడం దాకా ఒకటే టేక్. ఇంకొకరు ఫోన్ పట్టుకుంటే మీ రెండు చేతులూ కనిపిస్తాయి. తర్వాత 5వ మెట్టులో చెప్పిన టెస్టులన్నీ ఇంట్లోనే చేయండి. పానగల్లులో ఉండేవాళ్లయితే ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడి చీకటి, బయటి ఎండ రెండూ ఒకే చోట దొరుకుతాయి, ఫొటోలకు అనుమతించే చోట తీసి చూస్తే ఐఎస్ఓ, ఫోకస్ రెండింటి సంగతీ తేలిపోతుంది.

ఇన్‌స్టాగ్రామ్, టెలిగ్రామ్ పేజీల్లో సగం ధరకు కొత్త కెమెరా, అడ్వాన్స్ పంపితే కొరియర్ చేస్తాం అనేవాటి జోలికి అసలు పోకండి. పొరపాటున ఎవరైనా పంపితే ఆలోచించకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి, డబ్బు ఆ ఖాతాలో ఉండగానే ఆపించే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ.

7. కార్డులు, బ్యాటరీలు, చిల్లర సామాను

నకిలీలు ఎక్కువగా ఉండేది బాడీల్లో కాదు, ఇక్కడ. 128 జీబీ అని రాసి లోపల 16 జీబీ ఉన్న కార్డు ఫోల్డర్లో మామూలుగానే కనిపిస్తుంది, నిండాక పాత ఫొటోలను చెరిపేస్తుంది. పెళ్లి పోయాక తెలిసి లాభం లేదు. ఎక్కడ కొన్నా సరే, కొత్త కార్డును కంప్యూటర్లో పెట్టి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో మొత్తం నింపి చదివించండి, గంటో రెండు గంటలో పడుతుంది, పట్టనివ్వండి.

స్పీడ్ విషయంలో అనవసరంగా ఖర్చు పెట్టకండి. సెకనుకు 100 మెగాబిట్లతో రికార్డయ్యే 4కె వీడియోకు సెకనుకు 12.5 మెగాబైట్లే కావాలి, వి30 కార్డు సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాస్తుంది, చాలు. ఆల్-ఇంట్రా (ప్రతి ఫ్రేమునూ విడిగా దాచేది), స్లో మోషన్ మోడ్‌లు వాడేవాళ్లకే వి60, వి90 అవసరం, మీ కెమెరా మాన్యువల్‌లో ఏ మోడ్‌కు ఏ కార్డో రాసి ఉంటుంది.

బ్యాటరీలు కంపెనీవైతే డీలర్ దగ్గరే, బిల్లుతో. సోనీ ఎన్‌పీ-ఎఫ్‌జడ్100, కానన్ ఎల్‌పీ-ఈ6 లాంటివి సగం ధరకు కొత్తవి దొరికితే అనుమానించండి. స్టాండ్లు, క్లాంపులు, రిఫ్లెక్టర్లు, కేబుళ్లు మాత్రం ఆన్‌లైన్‌లో ధైర్యంగా కొనండి, పోయినా పెద్దగా పోదు. ఫ్లాష్‌లు, ట్రిగ్గర్లు నేను ఊళ్లోనే కొనమంటాను. సీజన్‌లో నేల మీద పడి పగిలేవి, తడిసేవి అవే, అదే రోజు ఇంకోటి తెచ్చుకునే దారి ఉండాలి.

8. సెకండ్ హ్యాండ్ అయితే

లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలకు మారేవాళ్లు ఎక్కువై, అద్దం ఉండే మంచి డీఎస్ఎల్ఆర్‌లు, ఎఫ్ 2.8 లెన్స్‌లు తక్కువకు దొరుకుతున్నాయి, కొత్తగా పని మొదలుపెట్టే పిల్లలకు ఇది మంచి దారి. నేరుగా మనిషిని కలిసి, కెమెరా పట్టుకుని చూసి మాత్రమే కొనండి. షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు కొట్టారో ఆ లెక్క) నికాన్‌లో ఫొటో ఫైల్‌లోనే ఉంటుంది, చాలా సోనీల్లో కూడా. కానన్‌లో చాలా మోడళ్లకు ఫైల్‌లో ఉండదు, సర్వీస్ సెంటర్లో అడగాలి. సోనీ ఏ7 3 షట్టర్‌ను కంపెనీ 2 లక్షల క్లిక్కులకు పరీక్షించింది. పెళ్లికి మూడున్నర వేలు కొట్టే మనిషి ఏడాదికి ముప్పై పెళ్లిళ్లు చేస్తే లక్ష దాటుతుంది. వీడియోకు ఎన్ని గంటలు వాడారో షట్టర్ కౌంట్ చెప్పదు, పెళ్లి బాడీల్లో అదే ఎక్కువ, అందుకే అది నేరుగా అడగండి.

అసలు బిల్లు, డబ్బా, సీరియల్ నంబర్ కలవాలి. అమ్మినట్టు సంతకంతో కాగితం, గుర్తింపు కార్డు కాపీ తీసుకోండి. ఇవ్వనంటే ఆ కెమెరా దొంగసొత్తు కావచ్చు, మంచి ధరైనా వదిలేయండి.

9. కొన్న రోజు చేయాల్సినవి, తేడా వస్తే చేయాల్సినవి

బిల్లును ఆ రోజే ఫోన్‌లో ఫొటో తీసి, జిరాక్స్ కూడా తీయించండి. థర్మల్ పేపర్ బిల్లు ఏడాది తిరగకముందే తెల్లబడుతుంది, వారంటీ అడిగే రోజుకు ఖాళీ కాగితం మిగులుతుంది. కంపెనీ వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేయండి, కొన్ని బ్రాండ్లు గడువులోపల రిజిస్టర్ చేసినవాళ్లకే అదనపు వారంటీ ఇస్తాయి. డబ్బా, కవర్లు, థర్మాకోల్ రిటర్న్ గడువు అయ్యేదాకా పారేయకండి.

లోపం కనిపిస్తే అదే రోజు రాతపూర్వకంగా చెప్పండి. షాపు అయితే ఫోన్లో మాట్లాడినా తర్వాత వాట్సాప్‌లో అదే విషయం పంపండి, తేదీ నిలుస్తుంది. ఆన్‌లైన్ అయితే యాప్‌లో ఫిర్యాదు పెట్టి నంబర్ రాసుకోండి, చాట్ స్క్రీన్‌షాట్లు తీయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి సైటుకూ గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. లోపమున్న వస్తువును, చెప్పినదానికి భిన్నంగా ఉన్న వస్తువును వెనక్కి తీసుకోనని సెల్లర్ అనకూడదు. ఈ మాటలు ఫిర్యాదులో రాస్తే జవాబిచ్చే తీరు మారుతుంది.

అయినా కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. చాలా తగాదాలు ఇక్కడే తేలతాయి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక కొన్న మనిషి ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, అమ్మినవాడి ఆఫీసు బెంగళూరులో ఉన్నా సరే మీరు నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో వేయండి. ఐదు లక్షల దాకా చెల్లించిన కొనుగోళ్లకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. సమస్య వచ్చిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. బిల్లు, అన్‌బాక్సింగ్ వీడియో, సర్వీస్ సెంటర్ రాసిచ్చిన రిపోర్టు, చాట్ కాపీలు, ఈ నాలుగూ జతచేయండి.